ఊకె మన నంబరే

6 ఫిబ్రవరి 2006, సోమవారం

అయిపోయింది! శామీర్‌పేట కోడిపిల్లల హేచరీ ఆఫీసులో కొత్త ఫోన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేశాను. ఒక్కడినే. పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని పెట్టి, పొద్దున్నే మొదటి కాల్ మోగించాను. సికింద్రాబాద్ నుంచి మా మేనేజరు పట్టాభిరామయ్య గారు ఫోన్ చేసి, "ఏమయ్యా బుల్లిబాబూ, నడుస్తోందా, నువ్వే వెనకనుంచి నెడుతున్నావా?" అన్నాడు. పరిగెడుతోంది సార్ అన్నాను. పోయినేడు ఇంకోచోట నేను చేసిన వెధవ పనికి, ఇంకొక్కసారి ఇలా జరిగితే మళ్ళీ వైర్లు లాగే పనిలో పడేస్తానన్న మనిషి. ఇప్పుడేమంటాడో చూస్తాను.

రైతు ఫోన్ చెయ్యగానే ఆయన పేరు, ఊరు, షెడ్డులో ఎన్ని కోళ్ళున్నాయో అన్నీ స్క్రీన్ మీద పడతాయి. ఓనరు ప్రతాప్ రెడ్డి గారు పక్క గదిలోంచి తన సెల్లుతో కొట్టి చూసుకుని, చిన్నపిల్లాడిలా పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇగో సూడు, నా పేరు పడ్డది!" అని వాళ్ళమ్మ లక్ష్మీకాంతమ్మ గారిని పిలిచాడు. ఆవిడ వచ్చి చూసి, "నీ పేరు నీకెర్క లేదా బిడ్డా?" అని వెళ్ళిపోయింది. ఆ ఆఫీసులో అసలు ఓనరు ఎవరో నాకు మొదటిరోజే అర్థమైంది.

పోయిన వారం ఒక్కటే చిక్కు వచ్చింది. రైతుల్లో సగం మందికి ఫోనే లేదు. ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ పేరు ఎక్కించుకోదు. ఆపరేటరు దుర్గాబాయి, "నంబరు లేనోళ్లకు ఏం గొట్టాలె సార్?" అని అడిగింది. మన ఆఫీసు నంబరే కొట్టెయ్యండి, పోయేదేముంది అన్నాను. పేర్లన్నీ చకచకా ఎక్కిపోయాయి. ఇది తయారుచేసిన బెంగుళూరు కంపెనీ వాళ్ళయితే దీని మీద నాలుగు మీటింగులు పెట్టేవాళ్ళు. బుర్ర ఉండాలి దేనికైనా.

ఈ డైరీ కూడా హేచరీ వాళ్ళిచ్చిందే. అట్ట మీద కోడిపెట్ట. పార్వతి చూసి "మీకు తగ్గదే ఇచ్చారు" అంది. పెళ్ళాలకి మొగుడంటే ఎప్పుడూ వేళాకోళమే.

8 ఫిబ్రవరి

దుర్గాబాయి సణుగుడు మొదలుపెట్టింది. ఆవిడ అక్కడ ఏళ్ళ తరబడి ఆపరేటరు. మేడ్చల్ నుంచి గండిమైసమ్మ దాకా కోళ్ళున్న ప్రతివాడికీ ఆవిడ గొంతు తెలుసు. పెద్ద మాటకారి. గుడ్డు రేటు కనుక్కుందామని చేసినవాడిని కూడా ఇంటిల్లిపాది క్షేమమూ అడిగి గానీ వదలదు. మొగుడు ఇస్తారి అదే కంపెనీలో గుడ్ల వ్యాను నడుపుతాడు.

"సార్, నేను డాక్టర్‌కు లైను కలుపుతుంటే తెర మీద ఊకె మన నంబరే వస్తాంది" అంది.

ఊరికే వస్తోందట. ఊరికే వచ్చేదానితో మీకు నష్టమేముందండీ, రానివ్వండి అన్నాను. నా మొహం ఒకసారి చూసి, "సరే సార్" అని మళ్ళీ హెడ్‌ఫోను చెవులకు తగిలించుకుంది. కొత్త మిషనంటే భయం, అంతే.

10 ఫిబ్రవరి

కాల్ కలవడం కాస్త ఆలస్యమవుతోందట. కొత్తది కదా, కుదురుకోవాలి.

13 ఫిబ్రవరి

కుదురుకోలేదు.

రైతు ఫోన్ చేస్తే దుర్గాబాయి వెంటనే ఎత్తుతోంది. అక్కడిదాకా బాగానే ఉంది. అక్కడినుంచి పశువుల డాక్టర్‌కో, దాణా సెక్షన్‌కో, లారీల వాళ్ళకో కలిపితేనే వస్తోంది తంటా. ఇక్కడ మీట నొక్కుతుంది, అక్కడ గంట మోగదు. ఈలోగా రైతు చెవిలో కంపెనీ వాళ్ళు పెట్టిన పాట వస్తూ ఉంటుంది. ఎప్పటికో మోగుతుంది. అప్పటికి సగంమంది పెట్టేస్తారు.

సర్వర్ ఆపి మళ్ళీ పెట్టాను. కేబుళ్ళు మార్చాను. వైరస్ ఉందేమో వెతికాను. బెంగుళూరుకి మెయిల్ కొట్టాను, మా సాఫ్ట్‌వేర్‌లో ఏమీ లేదన్నారు. వాళ్ళ దాంట్లో ఏమీ లేదు, నేను పెట్టినదాంట్లో ఏమీ లేదు, ఇంక మిగిలింది మనిషే కదా. దుర్గాబాయి వెనక నిలబడి చూశాను. ఆవిడ సరిగ్గానే నొక్కింది. నేను వెనక నిలబడితే ఎవరైనా సరిగ్గానే నొక్కుతారు. పైగా మిషన్ మంచిది కాదంటుంది! ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇదంతా ఎవరో నన్ను నిలదీసినట్టు రాస్తున్నానేమిటి? ఎవరడిగారు?

20 ఫిబ్రవరి

మహారాష్ట్రలో కోళ్ళకి రోగమట. టీవీ నిండా మొహాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు, గుంతలు, కోళ్ళు. ఇక్కడ ఏ రోగమూ లేదు, అయినా ఒక్కడూ కోడి ముట్టడం లేదు. మా దూలపల్లి మలుపులో చికెన్ కొట్టువాడు షట్టరు దించేసి ఊరెళ్ళిపోయాడు. రైతులంతా హేచరీకి ఫోన్లే ఫోన్లు. కోడి తుమ్మిందని ఒకడు, లారీ వస్తుందా రాదా అని ఒకడు.

"ఫోన్లెందుకు ఇంత లేటయితున్నయి బాబు గారూ? మస్తు పరేషాన్ జేస్తున్రు రైతులు" అన్నాడు ప్రతాప్ రెడ్డి గారు.

"రద్దీ సార్. ఇంత రద్దీకి ఏ మిషనైనా మూలుగుతుంది" అన్నాను. నమ్మేశాడు పాపం. ఈ రోగమొకటి నాకు కలిసొచ్చింది.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేను తప్ప ఎవరు చూస్తారు.

22 ఫిబ్రవరి

సిద్దిరాములు అనే రైతు ఈవేళ మోటారుసైకిలు మీద ఆఫీసుకే వచ్చేశాడు. గండిమైసమ్మ దగ్గర షెడ్లున్నాయి అతనికి. నిన్న పొద్దున్నుంచీ డాక్టర్ కోసం ఫోన్ చేస్తూనే ఉన్నాడట. చేసిన ప్రతిసారీ దుర్గాబాయి "ఇగో కలుపుతున్న అన్నా" అనడం, తరవాత పాట. పాట తరవాత ఇంకా పాట. వచ్చింది మామూలు తెగులేనట, సమయానికి మందు పడుంటే ఆగేదట. ఒక షెడ్డు తుడిచిపెట్టుకుపోయింది.

"నా కోళ్లు సస్తుంటే నాకు పాటలినిపిస్తవా? లోపట కూసోని ఎవనితోని ముచ్చట్లు పెట్టుకుంటున్నవే?" అని గుమ్మంలోనే అరిచాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆడమనిషిని అనకూడని మాట. ఇక్కడ రాయను.

ఎంతటివాడికైనా ఎదురు చెప్పే దుర్గాబాయి అతన్ని వదిలేసి నావైపు చూసింది. నేను కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను. దాని మీద దుమ్మేమీ లేదు.

23 ఫిబ్రవరి

ప్రతాప్ రెడ్డి గారు గదిలోకి పిలిచారు. లక్ష్మీకాంతమ్మ గారు ఆ మూల కుర్చీలో ఉన్నారు. దుర్గాబాయి గోడకానుకుని నిలబడి ఉంది.

"ఒక్క మాట జెప్పుండ్రి బాబు గారూ. మిషన్ల ఏమన్న ఖరాబుందా?"

నాకు నిజంగానే తెలియదు. తెలియదు అని చెప్పచ్చు కదా? ఎంత మాట అది! తెలియదంటే పట్టాభిరామయ్య గారికి ఫోన్ వెళ్తుంది, ఆయన బెంగుళూరు నుంచి ఎవడినో రప్పిస్తాడు, ఆ వచ్చినవాడు నా కుర్చీలో కూర్చుంటాడు. "మిషన్‌లో ఏ లోపమూ లేదు సార్" అన్నాను.

"మరి నేను నొక్కంగనే పోతలేదు గద సార్? మీరు ఎనక నిలవడి జూసిన్రు గద?" అంది దుర్గాబాయి.

"నేను చూసినప్పుడు బాగానే నొక్కారు" అన్నాను.

నేను చూసినప్పుడు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. ఆ మాట ఎంతదూరం పోతుందో నాకు తెలిసే అన్నాను.

"దుర్గమ్మా, నువ్వు ఇగ కోడిపిల్లల షెడ్డుకు పో. సోమవారం నుంచి ఫోన్ల కాడికి వేరే అమ్మాయి వస్తది" అన్నాడు ప్రతాప్ రెడ్డి గారు. దుర్గాబాయి వెళ్ళి తన బల్ల సొరుగులోంచి దువ్వెన, మాత్రల డబ్బా తీసుకుని, కుర్చీ మీది దిండు కూడా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ దిండు ఆవిడ ఇంట్లో కుట్టుకొచ్చుకున్నదట.

24 ఫిబ్రవరి

ఆఫీసుకి వెళ్ళాను. వచ్చాను.

25 ఫిబ్రవరి

ఇస్తారి వ్యానులో మేడ్చల్ చౌరస్తా దాకా వచ్చాను. బస్సు కోసం నిలబడి ఉంటే అతనే ఆపి ఎక్కించుకున్నాడు. ఎక్కకుండా ఉండాల్సింది. ఎక్కనంటే ఏమనుకుంటాడో అని ఎక్కాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కదా నేను.

"మావోళ్లంత నవ్వుకుంట అడుగుతున్రు సార్, నీ పెండ్లాం ఫోన్ల నిద్రపోతదంట గదా అని" అన్నాడు. "నవ్వితే నవ్వనీ. ఆమెనే మంచిగ లేదు. గోడ దిక్కు జూస్కుంట ఏలు ఇట్ల ఇట్ల నొక్కి జూస్కుంటాంది. తప్పు నాదే, ఏలు మొద్దువారింది, సదువులేనిదాన్ని, నాకు రాలే అంటాంది. మీరు సదువుకున్నోళ్లు. జర ఇంకోసారి నేర్పియ్యుండ్రి సార్. మీ కాళ్లు మొక్కుత."

చూద్దాం ఇస్తారీ అన్నాను. చౌరస్తాలో దిగాక డబ్బులివ్వబోతే, "మీ తాన దీస్కుంటనా సార్" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. సహించలేదు. పార్వతి ఏమైందంది. ఎండ అన్నాను. ఫిబ్రవరిలో ఎండేమిటండీ అంది.

26 ఫిబ్రవరి, ఆదివారం, శివరాత్రి

పార్వతి ఉపవాసం. నేను కాదు. పొద్దున్నే పాలు పోసే గౌరయ్య గుమ్మంలో పార్వతితో గొడవ పెట్టుకున్నాడు.

"మీ సారుకు జెప్పమ్మా. ఊకె నా పాలల్ల నీళ్లున్నయంటడు. ఊకె అంటే మనిషికి బాధుండదా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. బయటికొచ్చి "నేను ఊరికే అనలేదయ్యా, నీళ్ళుంటేనే అన్నాను" అన్నాను.

పార్వతి చేతిలో గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది. "అయ్యో రాత! ఊకె అంటే ఊరికే కాదండీ. మాటిమాటికీ అని. అదేపనిగా అని. రెండేళ్ళయింది ఇక్కడికొచ్చి, ఆ మాత్రం తెలీదా?"

గౌరయ్య కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను.

తెర మీద ఊకె మన నంబరే వస్తాంది.

ఊరికే కాదు. మాటిమాటికీ. ఆవిడ ఏ లైను కలిపినా, కలిపిన ప్రతిసారీ. ఓరి నా తండ్రీ!

27 ఫిబ్రవరి, సోమవారం

అందరికంటే ముందు వెళ్ళి చూశాను. అదే.

బయటనుంచి ఫోన్ వస్తే సాఫ్ట్‌వేర్ ఆ నంబరు ఎవరిదో వెతికి పేరు చూపిస్తుంది. ఒక నంబరు, ఒక పేరు, బాగానే ఉంది. అదే కాల్‌ని దుర్గాబాయి డాక్టర్‌కి కలిపితే, ఆ కలిపింది మన ఆఫీసు నంబరు మీద వెళ్తుంది. అప్పుడు అది మన నంబరు ఎవరిదో వెతుకుతుంది. ఎవరిది? ఫోన్ లేని రైతులందరిదీ! నేనే కదా కొట్టెయ్యమన్నది. ఆ ఊళ్ళన్నీ, ఆ పేర్లన్నీ, వాళ్ళ కోళ్ళ లెక్కలన్నీ ఒక్కొక్కటే లాక్కొచ్చి ముందు పోసుకుని, అప్పుడు మోగిస్తుంది డాక్టర్ గంట. ఈలోగా సిద్దిరాములు పాట వింటూ నిలబడ్డాడు.

వాళ్ళందరి గడుల్లోనూ మన నంబరు తీసేసి సున్నాలు పెట్టాను. సున్నా నుంచి ఎవరూ ఫోన్ చెయ్యరు కదా. కాఫీ తాగేంత పని. మీట నొక్కితే డాక్టర్ గదిలో గంట అప్పుడే మోగింది. ఇంకెవరూ రాకముందే మోగింది. చెప్పెయ్యాలి, ప్రతాప్ రెడ్డి గారు రాగానే చెప్పెయ్యాలి అనుకుంటూ కూర్చున్నాను.

ఆయన వచ్చేసరికి కొత్తమ్మాయి అనూహ్య వచ్చి దుర్గాబాయి కుర్చీలో కూర్చుంది. మా భీమవరం వైపు పిల్ల, కౌకూర్‌లో ఉంటారట, డిగ్రీ అయింది. మొదటి ఫోన్ ఎత్తి డాక్టర్‌కి కలిపింది. టక్కున మోగింది. దాణా సెక్షన్, టక్కున. లారీలు, టక్కున. ప్రతాప్ రెడ్డి గారు అక్కడే నిలబడి చూస్తూ తొడ చరిచాడు.

"సూసిన్రా బాబు గారూ! మనిషిని మారిస్తే మిషన్ దానంతటదే నడిచింది. మీరు మొదటి నుంచీ జెప్పిందే నిజమైంది."

చాయ్ తెప్పించాడు. తాగాను.

నేను బాగుచేసిందే ఆవిడ మీద సాక్ష్యం అయిపోయింది. పాడుచేసినప్పుడు అనుమానమే ఉండేది. బాగుచేసి రుజువు చేశాను. చెప్పడానికి నోరు తెరిచే ఉంది. చాయ్ పోసుకున్నాను అందులో. ఛీ.

28 ఫిబ్రవరి

రేపు చెబుతాను.

1 మార్చి

ప్రతాప్ రెడ్డి గారు ఊళ్ళో లేరు.

ఉన్నారు. మధ్యాహ్నం దాకా ఉన్నారు.

2 మార్చి

పిల్లల షెడ్డు వైపు వెళ్ళాను. పనేమీ లేదు. కోడిపిల్లల్ని పెట్టెల్లో సర్దుతోంది దుర్గాబాయి, ముక్కుకి కొంగు చుట్టుకుని. ఈ రోగం గొడవలో కొనేవాళ్ళు లేక పెట్టెలు గోడ వెంబడి పేరుకుపోయి ఉన్నాయి. కిచకిచల్లో ఒకరి మాట ఒకరికి వినబడదు.

నన్ను చూసి లేచి నిలబడింది. "మంచిగ నడుస్తాందంట గద సార్ మిషన్?" అంది గట్టిగా.

తలూపాను.

"మంచిదే. గా పిల్ల సదువుకున్నది. నాకే ఎక్కలే. మీరు మస్తు ఓపికతోని జెప్పిన్రు. మీమీద ఏం లేదు సార్ నాకు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. సిద్దిరాములు తనని అన్న మాట నన్ను అన్నా పడి ఉండేవాడిని. ఓపికతో చెప్పానట! తేలు కుట్టిన దొంగలా ఆ పెట్టెల మధ్యనుంచి బయటికొచ్చేశాను. కాళ్ళకి ఒక పిల్ల అడ్డం వచ్చింది. తొక్కలేదు. అదొక్కటే నేను ఈ నెలలో చేసిన పుణ్యం.

3 మార్చి

ఏం చేశానో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయాలి.

చెప్పకుండా ఆవిడ తప్పు లేదని తేల్చే దారి ఒకటి తట్టింది. పొద్దున్నే వెళ్ళి సున్నాలు తీసేసి మళ్ళీ మన నంబరే పెట్టాను. ఇప్పుడు అనూహ్య కలిపినా ఆలస్యమే అవుతుంది. అప్పుడు అందరికీ తెలుస్తుంది కదా, లోపం దుర్గాబాయిది కాదని! ఎంత తెలివి. నాకు నేను భుజం తట్టుకున్నాను కూడా.

ఆ పిల్ల ఒక్కొక్క రైతుకీ "సారీ అండీ, ఒక్క నిమిషం అండీ" అంటూనే ఉంది. అవతల వాళ్ళు కేకలేస్తున్నారు. ఇవతల మీట మీద మీట నొక్కుతోంది. ప్రతాప్ రెడ్డి గారు వచ్చి, "ఏందమ్మా, నాలుగు దినాలకే నీకు గూడ నిద్రొచ్చిందా?" అన్నాడు. దుర్గాబాయి మంచిదని ఒక్కడూ అనలేదు. ఆ ఊసే రాలేదు. ఇంకో ఆడపిల్ల పనికిరానిదైంది, అంతే. అనూహ్య బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అంకుల్, నేనేమైనా తప్పు నొక్కుతున్నానా?" అని నన్నే అడిగింది.

మధ్యాహ్నానికి సున్నాలు పెట్టేశాను.

4 మార్చి

పార్వతికి చెప్పాను. అంతా. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది, తీస్తూనే విన్నది. ఊకె దగ్గర మొన్న నవ్వింది కదా, ఈసారి నవ్వలేదు.

"ఒకావిడ పరువు తీసింది చాలక రెండో పిల్లది కూడా తీశారా?" అంది.

పట్టాభిరామయ్య గారు, ఉద్యోగం, వైర్లు అని ఏదో అన్నాను.

"లాగండి. వైర్లు లాగే మొగుడితో కాపురం చెయ్యలేకపోతానా? దీంతో చెయ్యలేను" అంది. దీంతో అంటూ చేతిలోని బీరకాయతో నా వైపు చూపించింది. తరవాత కూర మాడితే నన్నే తిట్టింది.

6 మార్చి, సోమవారం

చెప్పాను. ప్రతాప్ రెడ్డి గారికి, లక్ష్మీకాంతమ్మ గారికి. నంబరు ఎవరు కొట్టమన్నారో, ఎవరు చెప్పినా వినలేదో, ఎప్పుడు తెలిసిందో, తెలిశాక ఏం చేశానో, శుక్రవారం చేసిన ఘనకార్యంతో సహా. నిలబడే చెప్పాను.

ప్రతాప్ రెడ్డి గారు పకపకా నవ్వాడు. "గింత దానికా! నంబరు తప్పు వడ్డదని మొదలే జెప్తే అయిపోవు గద. నేను గాబరవడ్డ, ఏం జెప్తరో అని!"

చెబితే ఉరేస్తారనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయనకది నవ్వులాట. ఇందుకా నేను ఒక మనిషిని గోడకేసి కొట్టింది? ఇంత చిన్నదానికా? తల భూమిలో పెట్టుకోవాలనిపించింది.

"నవ్వకు" అంది పెద్దావిడ కొడుకుతో. "నవ్వే ముచ్చట గాదిది. సిద్దిరాములు మన గడపల నిలవడి ఆడమనిషిని గా మాటంటే మనం ఊకున్నం. దుర్గమ్మను పిలు."

దుర్గాబాయి వచ్చింది. జాకెట్టు చేతుల మీద కోడిపిల్లల నూగు అంటుకుని ఉంది. పెద్దావిడే చెప్పింది, "తప్పు నీది గాదంట. ఈ సారుదంట. నీ కుర్సీ నీదే. గా పిల్ల లెక్కల కాడ కూసుంటది."

దుర్గాబాయి సంతోషపడలేదు. నన్ను చూడలేదు. తన కుడిచేతి వేలు ఎడమచేత్తో పట్టుకుని దాన్నే చూసుకుంటూ నిలబడింది. నాకు ఇస్తారి మాట గుర్తొచ్చింది.

"మీకెర్కయింది పెద్దమ్మా, మంచిదే" అంది చివరికి. "గని నన్ను తిట్టింది మీరు గాదు. తిట్టినోళ్లంత ఫోన్ల అవుతల ఉన్నరు. ఆళ్లకెవరు జెప్తరు?"

"నేను చెబుతాను" అన్నాను. నెలరోజుల్లో ముందూ వెనకా చూసుకోకుండా నా నోటినుంచి వచ్చిన మాట ఇదొక్కటే.

సాయంత్రం పట్టాభిరామయ్య గారికి నేనే ఫోన్ చేశాను. ఎల్లుండి నుంచి బొల్లారంలో వైర్లు లాగడానికి వెళ్ళమన్నాడు. సరే సార్ అన్నాను.

7 మార్చి

పొద్దున్నుంచీ దుర్గాబాయి కుర్చీలో నేను కూర్చున్నాను. ఆవిడ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని, తన దిండు దాని మీద పెట్టుకుని కూర్చుంది. ఫోన్ మోగితే నేను ఎత్తడం. "అయ్యా, పోయిన నెల మీ ఫోన్లు ఆలస్యమైంది దుర్గాబాయి గారి వల్ల కాదు. మిషన్‌లో నంబర్లు నేను తప్పు పెట్టించాను. నా పేరు బుల్లిబాబు. తప్పు నాది" అనడం. తరవాత వాళ్ళకేం కావాలో అడిగి కలపడం. మొదటిసారి చెప్పినప్పుడు నా పేరు దగ్గర రెండుసార్లు దగ్గాను. పక్కనుంచి ఆవిడ నీళ్ళ సీసా నావైపు జరిపింది. మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

ఒకాయన "గిదంత నాకెందుకు, గుడ్డు రేటు జెప్పు జల్దీ" అన్నాడు. ఒకాయన "సిగ్గుండాలె" అని పెట్టేశాడు. దుండిగల్ నుంచి ఒక ముసలావిడ అంతా విని, "జెప్పినవు, మంచిదే నాయినా. దుర్గమ్మ పైలమేనా?" అంది. చేసినవాళ్ళందరికీ చెప్పాను. చెయ్యనివాళ్ళలో నంబర్లు ఉన్నవాళ్ళకి నేనే చేసి చెప్పాను.

సిద్దిరాములుకీ నేనే చేశాను. విన్నాడు. "గట్లనా" అన్నాడు. "పది మందిల అంటిని గదా సార్ ఆమెను. గా మాట... నాకు గూడ అక్కాచెల్లెండ్లున్నరు. ఆమె ఉన్నదా ఆడ?"

కలిపాను. పక్కన ఆవిడ ఫోన్ వెంటనే మోగింది. ఆవిడ ఎత్తి వింటూ కూర్చుంది. "ఊఁ... ఊఁ" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇడిసిపెట్టే అన్నా. నీ కోళ్లు వాయె, నా పేరు వాయె. రెండో షెడ్డుల ఉన్నయన్న మంచిగున్నయా?" అంది. అక్కడినుంచి పిల్లల చదువుల దాకా వెళ్ళింది మాట.

ఆవిడ పెట్టేశాక లేచాను, కుర్చీ ఖాళీ చేసి. ఆవిడ తన దిండు తెచ్చి దాంట్లో వేసుకుని కూర్చుంది. అప్పుడు తట్టింది నాకు. పొద్దున్నుంచీ మండలం మొత్తానికి చెప్పాను. నిన్న పెద్దావిడకి చెప్పాను, ప్రతాప్ రెడ్డి గారికి చెప్పాను, అంతకుముందు పెళ్ళానికి చెప్పాను. ఈవిడకి చెప్పలేదు. పక్కనే ఉంది కదా, వింటోంది కదా అనుకున్నాను. ఇదీ ఒక దొంగతనమే.

"దుర్గాబాయి గారూ" అన్నాను. "మిమ్మల్ని నేను..."

ఫోన్ మోగింది. ఆవిడ నావైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి చూపించింది.

"లైన్ల ఉండుండ్రి సార్" అంది.

ఫోన్ ఎత్తింది. ఎవరికో రేటు చెప్పింది, ఎవరి కూతురికో జ్వరం తగ్గిందా అని అడిగింది, డాక్టర్‌కి కలిపింది. అది అయ్యేలోపు ఇంకోటి మోగింది. అదీ ఎత్తింది. దాని తరవాత ఇంకోటి. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. నేను కూర్చోలేదు. ఆవిడ ఒక్కొక్కరితోనూ తీరిగ్గా మాట్లాడుతూనే ఉంది, నేను నిలబడే ఉన్నాను.